వార్ధక్యమున వినికిడి లోపము – దాని పరీక్ష, చికిత్స

కంటికి మసక కమ్మినచో ఇంటివారందఱును తొందరపడుదురు. శుక్లము తీయించవలయునా, అద్దములు మార్పించవలయునా యని వెంటనే వైద్యుని యడుగుదురు. చెవి మందగించినప్పుడు మాత్రము అట్టి తొందర యెవరియందును కానరాదు. "ముసలితనము వచ్చినది, ఇక వినబడకుండుట సహజమే" యని యింటివారు ననుకొందురు, వృద్ధులును అట్లే యనుకొని యూరకుందురు. అది సహజమగుట నిజమే. కాని సహజమైన ప్రతిదియు ఉపాయము లేనిది కాదు. ఈ భేదమును చదువరులకు విశదపఱచుటకే యీ వ్యాసము వ్రాయబడినది.

ఇది మన యిండ్లకు మిక్కిలి దగ్గఱి విషయము. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరములలో తాతయు, తండ్రియు, మనుమడును ఒక్క కప్పు క్రింద నివసించు గృహములు నేటికిని గలవు. ఉద్యోగము విరమించిన పెద్దలు ఉదయమున నగర కేంద్ర గ్రంథాలయమున పత్రికలు చదువుకొని, సాయంకాలము త్యాగరాయ గానసభలో కచేరీయో, నాటకమో చూచి యింటికి వచ్చుట ఈ పేటలలో వాడుక. అట్టివారిలో నొకరు క్రమముగా సభకు పోవుట మానుదురు. పిమ్మట ఇంటికి వచ్చిన బంధువులతో సంభాషణ తగ్గింతురు. పిమ్మట భోజనమువేళ నలుగురును నవ్వినప్పుడు కారణము తెలియకయే తామును నవ్వుదురు. "తాతగారికి దేనియందును ఆసక్తి లేదు, మతిమఱపు కూడ వచ్చినది" అని పిల్లలు తలంతురు. నిజమునకు ఆసక్తి యున్నచోటనే యున్నది; మాట చెవికి అందుట లేదు.

"చెవిటివాని ముందు శంఖ మూదినట్లు" అని మనలో నొక సామెత కలదు. ఊదువాని శ్రమ వ్యర్థమైనదని దాని భావము. వినువాని శ్రమను ఆ సామెత తలంచినట్లు లేదు. చెవి మందగించిన వృద్ధుడు దినమంతయు సగము మాటను విని, తక్కిన సగమును ఊహచే పూరించుకొనుచుండును. అందుచేతనే సాయంకాలమునకు అలసి, తన గదిలోనికి పోయి కూర్చుండును.

చెవి పనిచేయు విధము

శబ్దమనగా గాలియందు పుట్టు అలల పరంపర. ఆ యలలు చెవి కాలువగుండ లోనికి పోయి కర్ణభేరి యను పలుచని పొరను కదల్చును. దాని వెనుక మూడు చిన్న యెముకలు గొలుసువలె నున్నవి. వీనిలో చివఱిది గుఱ్ఱపు జీనుకు వ్రేలాడు అంకవన్నె యాకారమున నుండును. మన శరీరమందలి యెముకలన్నిటిలో నదియే మిక్కిలి చిన్నది. ఈ మూడును కలసి ఆ కదలికను లోపలి చెవికి చేర్చును. అచ్చట నత్తగుల్లవలె రెండున్నర చుట్లు చుట్టుకొనిన యొక గొట్టము ద్రవముతో నిండియున్నది. దానికి కోక్లియా యని పేరు. దానియందు రోమకణములు వరుసలుగా నిలిచియుండును. ఒక్కొక్క చెవిలో లోపలి వరుసయందు సుమారు 3,500, వెలుపలి వరుసలయందు సుమారు 12,000 కణములు గలవు. ద్రవము కదలినప్పుడు ఈ కణముల కొనలందలి సన్నని రోమములు వంగును. ఆ వంపు విద్యుత్ప్రేరణగా మాఱి శ్రవణనాడి ద్వారా మెదడునకు పోవును. అప్పుడే మనము వింటిమని చెప్పవలెను.

వీణ మెట్లకువలెనే ఈ గొట్టమునందును స్వరములకు స్థానములు నిర్ణయింపబడియున్నవి. హెచ్చు శ్రుతిగల శబ్దములు మొదటి భాగమునను, తగ్గు శ్రుతిగలవి కొనభాగమునను గ్రహింపబడును. ద్రవమునందలి యలల యీ నడకను కనిపెట్టినందుకు హంగరీ దేశమున జన్మించిన బెకెషి యను శాస్త్రజ్ఞునకు 1961లో నోబెలు బహుమాన మొసగబడెను. వయస్సు పెరిగినకొలది మొదట నశించునవి మొదటి భాగమునందలి రోమకణములే. కోడిపిల్లల చెవిలో చెడిన రోమకణములు మరల మొలచుచున్నవని 1980 తరువాతి పరిశోధనలు తెలిపినవి. మానవుని చెవిలో నవి మరల మొలవవు.

రోమకణములు మాత్రమే చెడునని యనుకొనరాదు. అమెరికా దేశపు వైద్యుడు షుక్నెక్ట్, మరణించినవారి చెవుల లోపలి భాగములను సూక్ష్మదర్శినితో పరిశీలించి, వార్ధక్యపు చెవుడు అందఱియందును ఒకే తీరున నుండదని 1964లో వివరించెను. కొందఱికి రోమకణములు నశించును. కొందఱికి నాడీతంతువులు క్షీణించును. మఱికొందఱికి కోక్లియా ప్రక్కగోడలో నుండి ద్రవమునకు శక్తినిచ్చు భాగము శుష్కించును. ఒక్కొక్కరియందు రెండు మూడు కారణములు కలసియు నుండవచ్చును.

"పాలు" వినబడక "కాలు" వినబడుట

మాటలో అచ్చుల ధ్వని తగ్గు శ్రుతిగలది, బలమైనది. క, చ, త, ప, శ, స మొదలగు హల్లులను వేఱుపఱచి చూపు ధ్వనులు హెచ్చు శ్రుతిగలవి, బలహీనమైనవి. కావున వృద్ధునకు అచ్చులు వినబడుచునే యుండును, హల్లులు జాఱిపోవును. "కాలు, పాలు, తాలు, చాలు" అను నాలుగు మాటలను తీసికొనుడు. మొదటి హల్లు పోయినచో నాలుగును ఒక్కటే మాట. కోడలు "పాలు కావలెనా?" యని యడుగగా, మామగారు "కాలు కొంచెము నయమేనమ్మా" యని ప్రత్యుత్తర మిత్తురు. ఇంటిలో నందఱును నవ్వుదురు. మామగారి బుద్ధికి లోపము లేదు. ఒక్క హల్లు మాత్రము దారిలో పోయినది. "వినబడుచున్నది గాని తెలియుట లేదు" అని పెద్దలు తఱచుగా చెప్పు మాటకు శాస్త్రార్థ మిదియే.

ఇంకొక విచిత్రము కలదు. మెల్లగా పలికినచో వినబడదు, గట్టిగా పలికినచో "ఎందు కట్లఱచెదవు?" అని కసరుదురు. ఇది వారి స్వభావదోషము కాదు. మెల్లని ధ్వనులను హెచ్చించి, గట్టి ధ్వనులను అదుపులో నుంచుట వెలుపలి రోమకణముల పని. అవి నశించినప్పుడు మెల్లని ధ్వని పూర్తిగా పోవును, గట్టి ధ్వని మాత్రము ఒక్కసారిగా బాధించును. కనుక అఱచుట వలన ప్రయోజనము స్వల్పము.

మెదడునకును ఇందు పాలు కలదు. నలుగురు కలసి మాటలాడుచోట గాని, ఆర్.టి.సి. చౌరస్తావంటి రొదగల చోట గాని, కావలసిన మాటను రొదనుండి యేఱి తీయునది మెదడు. చెవినుండి వచ్చు వార్త అసంపూర్ణమైనచో నా పని మిక్కిలి కష్టమగును. నిశ్శబ్దమైన గదిలో ఒక్కరితో చక్కగా మాటలాడు పెద్దలు పెండ్లిపందిటిలో ఏమియు వినలేకుండుట అందువలననే.

కారణములు

వయస్సు మొదటి కారణము, వంశక్రమము రెండవది. ఈ రెండును మన చేతిలోనివి కావు. కాని మన చేతిలోనివియు గలవు. చిరకాలము గొప్ప రొదలో పనిచేయుట, పొగ త్రాగుట, మధుమేహమును రక్తపుపోటును అశ్రద్ధ చేయుట వినికిడిని త్వరగా హరించును. క్షయరోగమునకు వాడిన స్ట్రెప్టోమైసిన్, దాని జాతికే చెందిన జెంటామైసిన్ వంటి కొన్ని మందులు రోమకణములకు హానిచేయగలవు. వానిని వైద్యుని యాజ్ఞ లేక వాడరాదు. నేటి దక్షిణ సూడాన్ దేశమున మబాన్ అను జాతివారు ఆ కాలమున రొద లేని పల్లెలలో నివసించుచుండిరి. డాక్టరు శామ్యూల్ రోజెన్, ఆయన సహచరులును అచ్చటి వృద్ధులను పరీక్షించి, నగరవాసులకంటె వారి వినికిడి మేలుగా నున్నదని 1962లో ప్రకటించిరి. వారి యాహారము, జీవనవిధానము కూడ భిన్నములు గనుక కారణము రొద యొక్కటే యని నిశ్చయింపరాదు. అయినను వయస్సు అందఱిని సమానముగా చెవిటివారిని చేయదని మాత్రము దానివలన తేటపడినది.

పరీక్షలు

వైద్యుడు మొదట దీపపు గొట్టముతో చెవిలోనికి చూచును. కొన్నిసార్లు గులిమి గట్టిపడి కాలువను మూసియుండును. దానిని తీసివేసినంతనే సగము చెవుడు పోవును. కర్ణభేరికి రంధ్రమున్నదా, చీము కాఱుచున్నదా యని కూడ చూచును. ఇట్టి లోపములకు వేఱు చికిత్స కలదు. మరుగ కాచిన నూనె, ఆకురసము చెవిలో పోయు పాత వాడుక మానవలెను. కర్ణభేరికి రంధ్రమున్నవారికి దానివలన మిక్కిలి కీడు కలుగును.

తరువాత సెకనుకు 512 సారులు కంపించు ఉక్కు కవ్వమును మ్రోగించి చెవి దగ్గఱను, చెవి వెనుకనున్న యెముకపైనను ఉంచుదురు. రిన్నె యను జర్మను వైద్యుడు 1855లో వర్ణించిన యీ పరీక్షవలన లోపము వెలుపలి మార్గములోనిదా, లోపలి చెవిలోనిదా తెలియును.

పిమ్మట ఆడియోమీటరు అను యంత్రము. రోగిని నిశ్శబ్దమైన చిన్న గదిలో కూర్చుండబెట్టి, సెకనుకు 250 మొదలు 8,000 కంపనములవఱకు గల స్వరములను ఒక్కొక్కటిగా వినిపింతురు. ఒక్కొక్క స్వరము ఎంత మెల్లగా నున్నప్పటికిని వినగలరో డెసిబెలు అను కొలతతో గుర్తింతురు. గుసగుస సుమారు 30 డెసిబెలులు, సాధారణ సంభాషణ సుమారు 60. ప్రతి 10 డెసిబెలులకు శబ్దశక్తి పదిరెట్లగునని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. మేలైన చెవిలో 20 డెసిబెలులకంటె తక్కువ బలముగల స్వరము వినగలిగినచో వినికిడి సరిగా నున్నదని ప్రపంచారోగ్యసంస్థ 2021లో నిర్ణయించినది. వార్ధక్యపు చెవుడు గలవారి రేఖాపటమును చూచినచో గీత ఎడమవైపున పైనుండి, కుడివైపునకు పోవుకొలది కొండచరియవలె దిగుచుండును. రెండు చెవులును సుమారుగా నొక్క తీరుననే యుండును.

ఒక్క చెవి మాత్రమే మందగించినను, రెండు మూడు దినములలో హఠాత్తుగా వినికిడి పోయినను అది వార్ధక్యము కాదు. ఆ దినముననే వైద్యుని చూడవలెను. హఠాత్తుగా వచ్చిన చెవుడునకు మొదటి రెండు వారములలో చేసిన చికిత్సయే గుణమిచ్చుట కవకాశము హెచ్చు.

స్వరములతోపాటు మాటలను వినిపించి పరీక్షించుటయు అవసరము. ఆ మాటలు రోగి యింట మాటలాడు భాషలోనివి కావలెను. తెలుగు తప్ప వేఱెఱుగని అమ్మమ్మకు ఇంగ్లీషు మాటలు వినిపించినచో ఆమె తప్పినది చెవివలననో, భాషవలననో తెలియదు.

చికిత్స

నశించిన రోమకణములను మరల మొలపించు మందు నేటివఱకు లేదు. ఇందుకై యత్నములు జరుగుచున్నవి. అమెరికాలో నొక మందు చివఱి మెట్టునకు చేరకముందే 2023లో విఫలమైనది. ఐరోపాలో పరీక్షింపబడిన మఱియొక మందు ఆశించిన ఫలము నీయలేదని 2024లో ప్రకటింపబడెను. కావున "చెవుడు పూర్తిగా పోగొట్టెదము" అని యెవరైన ప్రకటన చేసినచో నమ్మి ధనము పోగొట్టుకొనరాదు.

ఇప్పుడు లభించు ప్రధాన సాధనము శ్రవణయంత్రము. పాతకాలపు యంత్రము అన్ని శబ్దములను సమానముగా పెంచెడిది. నేటిది ఆ వ్యక్తి రేఖాపటము ననుసరించి, ఏ శ్రుతిలో లోపమున్నదో దానినే కావలసినంత పెంచును. గట్టి శబ్దము బాధింపకుండ అదుపు చేయును. అయితే ఇది కంటి యద్దమువంటిది కాదు. అద్దము పెట్టుకొనినంతనే అక్షరములు తేటపడును. శ్రవణయంత్రమునకు మెదడు అలవాటుపడుటకు కొన్ని వారములు పట్టును. మొదటి దినములలో పళ్లెముల చప్పుడు, పంకా రొద, తన యడుగుల సవ్వడియు విసుగు పుట్టించును. ఈ సంగతి ముందుగా చెప్పనందుననే అనేకులు యంత్రమును పెట్టెలో దాచుచున్నారు. మరల మరల వినికిడి నిపుణునియొద్దకు పోయి సరిచేయించుకొనుట చికిత్సలో నొక భాగము. యంత్రముతోను ప్రయోజనము లేనంతటి లోపమున్నచో శస్త్రచికిత్సచే అమర్చు కోక్లియర్ ఇంప్లాంట్ పెద్దవయస్సువారికి సైతము ఉపయోగపడును.

పరిశోధన యేమి తెలిపినది?

వినికిడి లోపముగల వృద్ధులలో మతిభ్రంశము హెచ్చుగా కనబడుచున్నదని 2011లో అమెరికాలోని బాల్టిమోరున 639 మందిని చాలకాలము గమనించిన పరిశోధనచే తెలిసినది. కాని రెండు సంగతులు కలసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పజాలము. దీనిని తేల్చుటకు అమెరికాలోనే మఱియొక పరీక్ష జరిపిరి. 70 మొదలు 84 ఏండ్లవఱకు వయస్సుగల 977 మందిని చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజించిరి. ఒక గుంపునకు శ్రవణయంత్రములును, వానిని వాడు శిక్షణయు నిచ్చిరి. రెండవ గుంపునకు ఆరోగ్యబోధ మాత్రమే చేసిరి. మూడేండ్లు గడచినవి. 2023 జూలైలో ఫలితములు లాన్సెట్ పత్రికలో వెలువడినవి.

మొత్తముమీద జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గుటలో రెండు గుంపులకును భేదము కానరాలేదు. కాని వారిలో వయస్సు హెచ్చు, మధుమేహము రక్తపుపోటు మొదలగు అపాయకారణములు హెచ్చు అయిన 238 మందిని వేఱుగా చూడగా, యంత్రము వాడినవారిలో ఆ తగ్గుదల నూటికి 48 పాళ్లు తక్కువగా నుండెను. దీనిని పట్టి శ్రవణయంత్రము మతిభ్రంశమునకు మందని ప్రచారము చేయుట తప్పు. అది నిష్ప్రయోజనమనుటయు తప్పే. అపాయము హెచ్చుగా నున్నవారికి మేలు కలుగవచ్చునని మాత్రము చెప్పవచ్చును.

ఆ పరీక్షలోనిదే మఱియొక ఫలితము 2025లో ప్రకటింపబడెను. మూడేండ్ల తరువాత, తమకు దగ్గఱగా మాటలాడు మనుష్యుల సంఖ్య యంత్రము లేనివారికంటె యంత్రము వాడినవారికి సగటున ఒకటి అధికముగా నిలిచెను. ఒక్క మనుష్యుడే యని తేలికగా చూడరాదు. స్నేహితులు ఒకరొకరుగా కనుమఱుగగు వయస్సులో మాటకు మిగిలిన ఒక్క మనిషి విలువ యెంతో పెద్దలను అడిగిన తెలియును.

మన నగరమున లభించు సహాయము

తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15వ తేదీన కంటివెలుగు అను పథకము నారంభించి, గ్రామగ్రామమునను కండ్లు పరీక్షించి అద్దములు పంచిపెట్టెను. చెవికి అంతటి ఉద్యమ మింకను రాలేదు. ప్రపంచమున శ్రవణయంత్రము అవసరమైనవారిలో నూటికి సుమారు 17 మంది మాత్రమే దానిని వాడుచున్నారని ప్రపంచారోగ్యసంస్థ లెక్క. ఏబదియేండ్లు నిండినవారు నియమకాలమున చెవులు పరీక్షింపించుకొనవలెననియు నా సంస్థ సూచించుచున్నది.

మనకు సాధనములు దూరముగా లేవు. కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి కలదు. 2020 ఫిబ్రవరిలో తెఱవబడిన మెట్రో మార్గమున చిక్కడపల్లిలో బండి యెక్కినచో, నారాయణగూడ దాటిన పిమ్మట వచ్చు సుల్తాన్ బజారు స్టేషను కోఠికి దగ్గఱ. సికింద్రాబాదు మనోవికాసనగరమున అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థయొక్క ప్రాంతీయ కేంద్రము కలదు. అచ్చట వినికిడి పరీక్షలు జరుగును, ఆ శాస్త్రమునందు విద్యార్థులకు శిక్షణయు నిత్తురు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా పనిచేసిన మన నగరవాసి అలీ యావర్ జంగ్ పేరే ఆ జాతీయ సంస్థకు పెట్టబడినది. బీదలగు వృద్ధులకు శ్రవణయంత్రము మొదలగు పరికరములను ఉచితముగా నిచ్చు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1వ తేదీన మన తెలుగుసీమలోని నెల్లూరుననే ప్రారంభింపబడినది.

విద్యార్థులు చేయదగిన పనులు

విద్యార్థులారా! ఈ విషయమున వైద్యునికంటె ముందు మీరు చేయదగినది కలదు. తాతగారితోగాని, అమ్మమ్మతోగాని మాటలాడునప్పుడు వెనుకనుండియు, వేఱు గదినుండియు పిలువకుడు. ఎదుట నిలిచి, ముఖమున వెలుతురు పడునట్లు చూచుకొని, టెలివిజను రొద తగ్గించి, తొందరలేక స్పష్టముగా పలుకుడు. అఱవకుడు. ఒక మాట తెలియనిచో అదే మాటను పదిసారులు చెప్పక, మఱియొక విధముగా చెప్పుడు. "పాలు" అందనిచో "గ్లాసెడు ఆవుపాలు త్రాగెదరా?" యనుడు, వాక్యము పెరిగినకొలది ఊహకు ఆధారము దొరకును. "ఏమీ లేదులే, తాతయ్యా" అని మాత్రము ఎన్నడును అనకుడు. వినలేనివారికి ఆ మాటకంటె కష్టమైనది లేదు.

మీ చెవులనుగూడ కాపాడుకొనుడు. వారమునకు 40 గంటలు వినుటకు 80 డెసిబెలులు హద్దని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. చెవిలో గొట్టములు పెట్టుకొని పాటలు వినువారు ధ్వనిని సగముకంటె కొంచెము హెచ్చుగానే నిలుపవలెను. ఊరేగింపులలో డప్పులకును, పెద్ద పెట్టెలకును దూరముగా నిలువవలెను. నేడు పోయిన రోమకణముల లెక్క మీ అఱువదవయేట తేలును.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈ వేసవి సెలవులలో ఇంటి పెద్దలను కండ్ల వైద్యునియొద్దకు గొనిపోవునప్పుడు, చెవి వైద్యునియొద్దకును గొనిపొండు. పరీక్షకు పట్టునది అరగంట. లోపము లేదని తెలిసిన సంతోషము. ఉన్నదని తెలిసినచో, ఇంటిలో పదిమంది నడుమ ఒంటరిగా కూర్చున్న యొకరు మరల మాటలలోనికి వచ్చుటకు త్రోవ యేర్పడును.